హెలికాప్టర్ ఇంజినీరు చేసిన గిటార్ : ఓవేషన్ కథ



ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో గ్యాస్ లైటర్ ఉంటుంది కదా, టిక్ టిక్ అని నొక్కితే నిప్పురవ్వ వచ్చేది. దానికీ, స్టేజీ మీద అకౌస్టిక్ గిటార్ వాయించే సింగర్‌కీ సంబంధం ఏంటి? ఉంది. బాగా దగ్గరి సంబంధమే. సగం దారిలో చెప్తాను, గుర్తు పెట్టుకోండి.

ఈరోజు మనం మాట్లాడుకోబోయేది ఓవేషన్ అనే గిటార్ కంపెనీ గురించి. అమెరికాలో పుట్టింది. మీరు ఎప్పుడైనా వెనక భాగం పలకలా చదునుగా కాకుండా గిన్నెలా గుండ్రంగా, నల్లగా, ప్లాస్టిక్‌లా మెరిసే గిటార్ చూశారా? అది చాలావరకు ఓవేషనే, లేదంటే దాన్ని చూసి చేసిన ఇంకోటి. దాన్ని తయారుచేసింది తరతరాలుగా వడ్రంగం చేసే కుటుంబం కాదు. మిలిటరీకి హెలికాప్టర్లు తయారుచేసే కంపెనీ.

నేను ఈ కథ ఎందుకు ఎంచుకున్నానంటే, ఇందులో మనందరికీ పనికొచ్చే ఒక విషయం ఉంది. ఒక కంపెనీ రెండు కొత్త ఐడియాలు తెచ్చింది. ఒకటి కంటికి కనపడేది, ఇంకోటి కనపడనిది. కనపడని ఐడియా ప్రపంచమంతా పాకింది. కనపడే ఐడియా మాత్రం చివరికి ఆ కంపెనీకే భారమైంది. అదెలా జరిగిందో చూద్దాం.

ఒక చెవి వినపడని కుర్రాడు

చార్ల్స్ కామన్ 1919లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ రెండు పిచ్చిలు. ఒకటి విమానాలు, రెండోది గిటార్. పైలట్ అవ్వాలనుకున్నాడు. కానీ కుడి చెవి వినపడదు. దాంతో పైలట్ కల అక్కడితో ఆగిపోయింది.

గిటార్ మాత్రం బాగా వాయించేవాడు. ఎంత బాగా అంటే, అప్పట్లో చాలా పేరున్న టామీ డోర్సీ బ్యాండ్‌లో చేరమని ఆఫర్ వచ్చిందని చెబుతారు. అతను వద్దనుకున్నాడు. కాథలిక్ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి 1940లో పట్టా తీసుకున్నాడు. విమానం నడపలేకపోతే ఏం, తయారుచేస్తాను అనుకున్నాడన్నమాట.

తర్వాత కనెక్టికట్ రాష్ట్రంలో ప్రొపెల్లర్లు తయారుచేసే హామిల్టన్ స్టాండర్డ్‌లో ఉద్యోగం. అది యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో ఒక విభాగం. హెలికాప్టర్ అంటే ప్రపంచం గుర్తు తెచ్చుకునే ఇగోర్ సికోర్‌స్కీ కూడా అదే గ్రూపులో పనిచేసేవాడు. కామన్‌కి హెలికాప్టర్ల మీద ఆసక్తి అక్కడే మొదలైంది.

అప్పటి హెలికాప్టర్లతో పెద్ద తలనొప్పి ఏంటంటే, వాటిని అదుపులో పెట్టడం. పైన తిరిగే పెద్ద రెక్కని మొదలు దగ్గర పట్టుకుని మెలితిప్పితేనే దిశ మారుతుంది. దానికి చాలా బలం కావాలి, వణుకు ఎక్కువ. కామన్ ఇంకోలా ఆలోచించాడు. రెక్కని మనం ఎందుకు తిప్పాలి? రెక్క వెనక అంచుకి ఒక బుల్లి రెక్క తగిలిద్దాం. దాన్ని కొంచెం కదిపితే చాలు, గాలే పెద్ద రెక్కని తిప్పేస్తుంది. దీన్ని సర్వో ఫ్లాప్ అంటారు.

1945లో, 26 ఏళ్ల వయసులో, ఇద్దరు స్నేహితులు పెట్టిన 2,000 డాలర్లతో సొంత కంపెనీ మొదలుపెట్టాడు. మొదట్లో పని అంతా వాళ్లమ్మ ఇంటి గ్యారేజీలోనే. ఆరేళ్లు తిరిగేసరికి, అంటే 1951 డిసెంబరులో, కామన్ కంపెనీ తయారుచేసిన కె-225 గ్యాస్ టర్బైన్ ఇంజిన్‌తో ఎగిరిన ప్రపంచపు తొలి హెలికాప్టర్ అయింది. ఆ తర్వాత వచ్చిన హస్కీ హెలికాప్టర్లని అమెరికా వైమానిక దళం వియత్నాం యుద్ధంలో మనుషుల్ని కాపాడే పనికి వాడింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఆ హస్కీ రెక్కల్లో వాడింది స్ప్రూస్ అనే కలప. తేలిక, గట్టిదనం రెండూ ఉన్న చెక్క. అకౌస్టిక్ గిటార్ ముందు పలకకి కూడా ఎక్కువగా వాడేది స్ప్రూసే. అంటే గిటార్ జోలికి రాకముందే ఈ కంపెనీకి గిటార్ చెక్క గుణం తెలుసు.

గిటార్ రిపేరుకి వెళ్లి...

1960ల్లోకి వద్దాం. మిలిటరీ ఆర్డర్లనే నమ్ముకుంటే ఒక ఏడాది పండగ, ఇంకో ఏడాది పస్తు. కంపెనీని వేరే వ్యాపారాల్లోకి కూడా తీసుకెళ్లాలని కామన్ చూస్తున్నాడు. అదే సమయంలో గిటార్ వాయించడం మాత్రం ఆపలేదు.

పెన్సిల్వేనియాలో నాజరెత్ అనే ఊళ్లో మార్టిన్ అనే గిటార్ కంపెనీ ఉంది. 1833 నుంచి ఉన్న కంపెనీ. అకౌస్టిక్ గిటార్లలో దానికి ఉన్న గౌరవం చాలా పెద్దది. కామన్ తన గిటార్ పని మీద అక్కడికి వెళ్లి ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. చూసి, ఈ కంపెనీని కొనేద్దాం అనుకున్నాడు. మార్టిన్ కుటుంబం అమ్మనంది.

సరే, అమ్మకపోతే మనమే చేద్దాం అనుకున్నాడు కామన్. తన ఏరోస్పేస్ ఇంజినీర్లలో కొంతమందిని పక్కకి తీసి ఒక చిన్న టీమ్ పెట్టాడు. వాళ్లలో కొందరికి సరదాగా చెక్కపని చేసే అలవాటు కూడా ఉంది. ఇచ్చిన పని ఒక్కటే. గిటార్‌ని కొత్తగా చూడండి.

కొత్తగా చూడటం అంటే ఏంటో ఒక ముక్కలో చెప్తాను. హెలికాప్టర్‌లో ఇంజినీరు జీవితమంతా వణుకుని తగ్గించడానికే పోరాడతాడు. ఎందుకంటే వణుకు ఎక్కువైతే మెషీన్ విరిగిపోతుంది. గిటార్‌లో సరిగ్గా ఉల్టా. తీగ వణుకుని వీలైనంత ఎక్కువగా బయటికి తేవాలి. కానీ రెండిటికీ వాడే లెక్కలు ఒకటే. వణుకుని చంపడం తెలిసినవాడికి దాన్ని బతికించడం కూడా తెలుస్తుంది కదా!

అసలు గిటార్ ఎలా పలుకుతుంది?

ఇప్పుడు రెండు నిమిషాలు కొంచెం సైన్సు. భయపడకండి, సింపుల్‌గానే ఉంటుంది.

తీగ ఒక్కటే మీటితే శబ్దం చాలా చిన్నది. తీగ సన్నం కాబట్టి అది కదిపే గాలి తక్కువ. అందుకని తీగ వణుకుని బ్రిడ్జ్ అనే చిన్న చెక్కముక్క ద్వారా గిటార్ ముందు పలకకి పంపిస్తారు. ఆ పలక పెద్దది కాబట్టి ఎక్కువ గాలిని కదుపుతుంది. మనకి వినపడేది చాలావరకు ఆ పలక శబ్దమే. పెట్టె లోపలి గాలి, ముందున్న రంధ్రం దానికి తోడవుతాయి.

మరి ఆ పలకని కాగితమంత పల్చగా చేసేయొచ్చుగా? చేయలేం. స్టీలు తీగలు ఆరూ కలిసి సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక మనిషి బరువు ఇరవైనాలుగు గంటలూ ఆ చిన్న పలకని లాగుతున్నట్టు. అందుకే లోపల సన్నటి చెక్క బద్దలు అతికిస్తారు. దాన్ని బ్రేసింగ్ అంటారు. బద్దలు ఎక్కువైతే గిటార్ గట్టిగా ఉంటుంది కానీ నోరు మూగబోతుంది. తక్కువైతే బాగా పలుకుతుంది కానీ పలక ఉబ్బి విరుగుతుంది. గిటార్ చేయడమంటే ఈ రెండిటి మధ్య బేరం ఆడటమే.

ఇంకో సమస్య చెక్కతో వస్తుంది. చెక్క గాలిలో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండిపోతే కుంచించుకుని పగులుతుంది. గిటార్ వెనక పలక, పక్క పలకలు కలిసే చోట అతుకులు ఉంటాయి. అతుకు ఉన్న ప్రతిచోటా ఊడే అవకాశం ఉంటుంది.

కామన్ టీమ్ ఇక్కడే చెయ్యి పెట్టింది. వెనక పలక, పక్క పలకలు, మూలలు, అతుకులు, వెనకవైపు బద్దలు, ఇవన్నీ ఎందుకు? మొత్తం తీసేసి, ఫైబర్‌గ్లాస్, రెజిన్ కలిపి అచ్చులో పోసినట్టు ఒకే ముక్కగా గిన్నెలా చేద్దాం. ముందు పలక మాత్రం స్ప్రూసే ఉంచుదాం. ఆ గిన్నె పదార్థానికి లైరాకార్డ్ అని పేరు పెట్టారు.

నిజానికి గుండ్రటి వీపు కొత్తేం కాదు. అరబ్బుల ఊద్, యూరప్ వాళ్ల ల్యూట్, పాత మాండొలిన్, అన్నీ గుండ్రటివే. కానీ అవి సన్నటి చెక్క బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతికించి చేసినవి. ఒకే ముక్క అన్న ఆలోచన మన బొబ్బిలి వీణలో కనపడుతుంది. పనస దుంగని తొలిచి ఒకే ముక్కగా చేస్తారు, ఎక్కడా అతుకు ఉండదు. కామన్ టీమ్‌కి బొబ్బిలి తెలుసని నేను అనట్లేదు. అతుకు లేకపోతే మంచిదన్న తెలివి వేరు వేరు చోట్ల వేరు వేరుగా పుట్టిందని మాత్రమే చెప్తున్నాను. ఇక్కడ దుంగ, ఉలి. అక్కడ రెజిన్, అచ్చు.

1966: మొదటి అడుగు

1966లో ఓవేషన్ గిటార్ బయటికి వచ్చింది. తొలి మోడల్ పేరు బాలడీర్. ఫ్యాక్టరీ కనెక్టికట్‌లోని న్యూ హార్ట్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్లో, ఒక పాత మిల్లు భవనంలో నడిచింది.

ఈ కొత్త గిటార్‌ని మొదట చేతిలోకి తీసుకుని జనం ముందు వాయించిన పేరున్న కళాకారుడు జాష్ వైట్. నల్లజాతి బ్లూస్, ఫోక్ గాయకుడు. వర్ణ వివక్షకి వ్యతిరేకంగా పాడినవాడు. 1966 నవంబరులో హార్ట్‌ఫోర్డ్‌లో ఓవేషన్‌తో కచేరీ చేశాడు. ఆయన పేరు మీదే కంపెనీ ఒక మోడల్ కూడా తయారుచేసింది.

అయితే దీన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది గ్లెన్ క్యాంప్‌బెల్. 1969 నుంచి 1972 దాకా అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో ఆయన సొంత టీవీ షో వచ్చేది. వారం వారం వచ్చే ఆ షోలో ఆయన చేతిలో గుండ్రటి వీపు ఓవేషన్ కనపడేది. ఇప్పటి భాషలో చెప్పాలంటే పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్ అన్నమాట. యూట్యూబ్ లేని రోజులు, ఉన్నదే మూడు పెద్ద ఛానళ్లు. అందులో ఒకదాంట్లో వారం వారం కనపడటం అంటే ఎంతో ఆలోచించండి.

గ్యాస్ లైటర్ దగ్గరికి వచ్చేశాం

ఇప్పుడు అసలు పాయింట్. స్టేజీ మీద అకౌస్టిక్ గిటార్ వాయించేవాడి కష్టం ఏంటో తెలుసా? వినపడకపోవడం.

డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు, యాంప్‌లు మోగుతుంటే అకౌస్టిక్ శబ్దం ఎక్కడో మునిగిపోతుంది. సరే, ముందు మైకు పెడదాం అంటారు. మైకు పెడితే కదలకుండా విగ్రహంలా నిలబడాలి. కొంచెం జరిగితే శబ్దం మాయం. సౌండ్ పెంచితే ఇంకో సమస్య. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, మళ్లీ స్పీకర్‌లోంచి వచ్చి, కూఁ అని కూస్తుంది. మన ఊళ్లో పెళ్లి పందిట్లో, వినాయక మండపంలో మైకు కూసినప్పుడు అందరూ చెవులు మూసుకుంటారు చూడండి, అదే. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. గిటార్‌తో ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ శబ్దానికి గిటార్ పెట్టె కూడా మోగడం మొదలుపెడుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండే అయస్కాంతం పికప్‌ని అకౌస్టిక్‌కి తగిలిస్తే? అది స్టీలు తీగ కదలికని మాత్రమే పడుతుంది. చెక్క గొంతు పట్టదు. శబ్దం వస్తుంది కానీ అది ఎలక్ట్రిక్ గిటార్ శబ్దంలా ఉంటుంది.

ఇప్పుడు లైటర్ గుర్తు తెచ్చుకోండి. దాంట్లో బ్యాటరీ ఉండదు. మీరు నొక్కినప్పుడు లోపల ఒక చిన్న సుత్తి ఒక స్ఫటికాన్ని కొడుతుంది. ఒత్తిడి పడగానే ఆ స్ఫటికం కరెంటు పుట్టిస్తుంది. దాన్ని పీజో ఎఫెక్ట్ అంటారు. 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఆ పియరీయే తర్వాత మేరీ క్యూరీ భర్త.

ఓవేషన్ ఇంజినీర్లు ఆ పీజో ముక్కల్ని తీగలు ఆనే సాడిల్ అనే పట్టీ కింద పెట్టారు. ఒక్కో తీగకి ఒక్కో ముక్క. తీగ వణికితే సాడిల్ మీద ఒత్తిడి మారుతుంది, దాంతో సన్నటి కరెంటు పుడుతుంది. గిటార్ లోపలే పెట్టిన చిన్న ప్రీయాంప్ దాన్ని పెంచుతుంది. గిటార్ పక్కన ఒక నాబ్, కింద ఒక జాక్. వైరు గుచ్చు, వాయించు. అంతే.

పీజో పికప్ గాలిలో వచ్చే శబ్దాన్ని నేరుగా వినదు, ఒత్తిడినే పడుతుంది. కాబట్టి ఫీడ్‌బ్యాక్ బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, కానీ స్టేజీ మీద బతకొచ్చు. సింగర్ గిటార్‌తో అటూ ఇటూ తిరుగుతూ పాడొచ్చు. 1970ల తొలినాళ్లకే ఓవేషన్ ఇలాంటి గిటార్లని ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మింది. బయట కొని తగిలించుకోవడం కాదు, గిటార్‌తోపాటే వచ్చింది. అదీ తేడా.

1980 డిసెంబరు 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు గిటారిస్టులు చేసిన కచేరీ తర్వాత ఆల్బమ్‌గా వచ్చి చాలా పేరు తెచ్చుకుంది. స్పెయిన్‌కి చెందిన పాకో డి లూసియా, శక్తి బ్యాండ్‌తో మన దేశంలో చాలామందికి తెలిసిన జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికాకి చెందిన ఆల్ డి మియోలా. ఆ రాత్రి డి మియోలా చేతిలో ఉన్నది ఓవేషన్. అంత వేగంగా వాయించేవాడికి ప్రతి మీటూ విడివిడిగా వినపడాలి కదా, దానికి అది సరిపోయింది.

అడమాస్: ఇంకో అడుగు ముందుకి

కామన్ అక్కడితో ఆగలేదు. వెనక భాగం మార్చేశాం, మరి ముందు పలక కూడా చెక్కే ఎందుకవ్వాలి?

1976లో అడమాస్ అనే మోడల్ వచ్చింది. దాని ముందు పలక కార్బన్ ఫైబర్‌తో చేశారు. మధ్యలో సన్నటి బర్చ్ చెక్క పొర, దానికి రెండువైపులా కార్బన్ పొరలు. మొత్తం మందం ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. మామూలు స్ప్రూస్ పలక దీనికి రెండు మూడు రెట్లు మందం ఉంటుంది. పల్చగా ఉన్నా తీగల లాగుడు తట్టుకుంటుంది. తేమకి ఉబ్బదు.

చూడటానికి ఇంకో వింత. మధ్యలో పెద్ద రంధ్రం ఉండదు. దాని బదులు భుజాల దగ్గర రెండువైపులా రకరకాల సైజుల్లో మొత్తం 22 చిన్న రంధ్రాలు. చుట్టూ ఆకుల ఆకారంలో చెక్క అలంకారం. అందం కోసమేనా? కాదు. ఆలోచించండి, తీగల లాగుడు ఎక్కువగా ఉండే చోట, సరిగ్గా మధ్యలో, మనం రంధ్రం చేస్తున్నాం. గోడ బలంగా ఉండాల్సిన చోట కిటికీ పెట్టినట్టు. అందుకే ఆ రంధ్రం చుట్టూ బద్దలు ఎక్కువ అతికించాల్సి వస్తుంది. రంధ్రాన్ని భుజాల వైపు జరిపేస్తే మధ్య భాగం గట్టిగా ఉంటుంది, బద్దలు తగ్గుతాయి, పలక స్వేచ్ఛగా కదులుతుంది.

ఇప్పుడు కార్బన్ ఫైబర్ అంటే మనకి సైకిళ్లు, కార్లు, ఫోన్ కవర్లు గుర్తొస్తాయి. 1976లో దాన్ని గిటార్‌కి వాడటం అంటే మామూలు విషయం కాదు. విమానాల కంపెనీ కాబట్టే ఆ పదార్థం వాళ్లకి అందుబాటులో ఉంది, దానితో పనిచేయడం తెలుసు.

మరి ఎక్కడ తేడా కొట్టింది?

ఇంత చేసిన కంపెనీ ఇవాళ ప్రతి గిటార్ షాపులో ముందు వరసలో ఉండాలి కదా? లేదు. ఎందుకు?

మొదటి కారణం, పీజో ఐడియా అందరిదీ అయిపోయింది. జపాన్ కంపెనీలు, అమెరికా కంపెనీలు అందరూ సాడిల్ కింద పికప్ పెట్టడం మొదలుపెట్టారు. 1990లకి వచ్చేసరికి చదును వీపున్న మామూలు చెక్క గిటార్ కొన్నా లోపల పికప్ వస్తోంది. స్టేజీ కోసమే ఓవేషన్ కొనాల్సిన అవసరం పోయింది. ఇవాళ మీరు మీ ఊళ్లో సెమీ అకౌస్టిక్ అని అడిగి కొనే గిటార్ ఉంది కదా, పక్కన నాబ్‌లు, కింద జాక్ ఉండేది, దాని వెనక ఈ చరిత్ర ఉంది.

రెండో కారణం, గుండ్రటి వీపు. కూర్చుని వాయిస్తే ఒడిలో నిలవదు, జారిపోతుందని చాలామంది వాయించేవాళ్లు అన్నారు. నిలబడి బెల్టుతో వాయించేవాళ్లకి ఇబ్బంది లేదు. కానీ గిటార్ నేర్చుకునేది, ఇంట్లో వాయించుకునేది ఎక్కువగా కూర్చునే కదా. కంపెనీ తర్వాత తక్కువ లోతున్న గిన్నెలు, గరుకు ఉపరితలం తెచ్చింది. అయినా "ప్లాస్టిక్ గిటార్" అన్న పేరు పోలేదు.

మూడో కారణం, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది. జనానికి చెక్క కావాలి. ముఖ్యంగా రోజ్‌వుడ్. పాత మంచి గిటార్లలో చాలా బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి కాబట్టి, మంచి గిటార్ అంటే అదే అని మనసులో పడిపోయింది. ఆ చెట్టు కరువైపోయింది. 1969 ప్రాంతంలో మార్టిన్ కంపెనీ ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే ఏదో కాదు, మన అడవుల్లో జిట్రేగి అని పిలిచే చెట్టే. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని అంతర్జాతీయ వ్యాపారానికి దాదాపు పూర్తిగా నిషేధించిన జాబితాలో చేర్చారు. అయినా మోజు తగ్గలేదు, ఇంకా పెరిగింది.

అసలు వెనక చెక్కకి అంత ప్రాధాన్యం ఉందా? 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించారు. వెనక, పక్కల చెక్క మాత్రం వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంది, ఇండియన్ రోజ్‌వుడ్ ఉంది, చవక చెక్కలూ ఉన్నాయి. 52 మంది గిటారిస్టులకి కంటికి ఏమీ కనపడకుండా అద్దాలు పెట్టి వాయించమన్నారు. ఫలితం? ఖరీదైన చెక్క శబ్దం చవక చెక్క కంటే బాగుందని ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. అందరికీ దాదాపు ఒకేలా అనిపించింది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆలోచించండి. వెనక భాగానికి అడవి చెట్టే కావాలా అని కామన్ టీమ్ 1966లోనే అడిగింది. ప్రశ్న సరైనదే. గిన్నె ఆకారం వల్ల శబ్దం ఎంత మెరుగైంది అన్నదాని మీద వాదించుకోవచ్చు, కంపెనీ చెప్పుకున్నంత తేడా లేదని కూడా అనొచ్చు. కానీ అరుదైన చెట్టు కొట్టకుండా మంచి గిటార్ చేయొచ్చు అన్నది మాత్రం వాళ్లు అప్పుడే చేసి చూపించారు. చెవి ఒప్పుకుంది. కన్ను ఒప్పుకోలేదు.

న్యూ హార్ట్‌ఫోర్డ్‌లో తలుపులు మూసిన రోజు

2007 చివర్లో కామన్ కంపెనీ తన సంగీతం వ్యాపారం మొత్తాన్ని ఫెండర్‌కి అమ్మేసింది. ఫెండర్ అంటే ఎలక్ట్రిక్ గిటార్లలో రారాజు. ఓవేషన్ గిటార్లలో తక్కువ ధరవి అప్పటికే కొరియా, చైనాల్లో తయారవుతున్నాయి. న్యూ హార్ట్‌ఫోర్డ్‌లో ఖరీదైనవి మాత్రమే చేసేవాళ్లు. 2014 జూన్‌లో ఫెండర్ ఆ ఫ్యాక్టరీని మూసేసింది.

ఒక చిన్న ఊళ్లో దశాబ్దాల తరబడి ఒకే పని చేసిన చేతులు అవి. గిన్నె ఎలా పోయాలి, కార్బన్ పలక ఎలా అతికించాలి, ఈ పని చేసినవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమంది. ఇలాంటి పనితనం పుస్తకంలో రాసి పెట్టేది కాదు. ఫ్యాక్టరీ మూస్తే మెషీన్లు అమ్మొచ్చు, ఆ చేతుల్ని ఎక్కడ దాస్తారు?

అదృష్టం ఏంటంటే కథ అక్కడ ముగియలేదు. డ్రమ్స్ తయారుచేసే డ్రమ్ వర్క్‌షాప్ కంపెనీ ఆ తర్వాత ఓవేషన్‌ని కొని, పాత పనివాళ్లలో కొంతమందితో న్యూ హార్ట్‌ఫోర్డ్‌లోనే మళ్లీ చిన్నగా తయారీ మొదలుపెట్టింది. తర్వాత బ్రాండ్ జర్మనీకి చెందిన గేవా చేతికి వెళ్లింది. పేరు బతికే ఉంది. కానీ ఆ పాత వైభవం అయితే లేదు.

చార్ల్స్ కామన్ ఇదంతా చూడలేదు. 2011 జనవరిలో, 91 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన గురించి ఇంకొక్క విషయం చెప్పాలి. భార్య రాబర్టాతో కలిసి చూపు లేనివాళ్లకి దారి చూపించే కుక్కల్ని పెంచి, శిక్షణ ఇచ్చే ఫిడెల్కో అనే సంస్థని కూడా పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

మనకి మిగిలింది ఏంటి?

హవాయిలో మొదలైన రెయిన్‌సాంగ్ కంపెనీ తర్వాతి రోజుల్లో పూర్తిగా కార్బన్ ఫైబర్ గిటార్లు చేసింది. చైనాకి చెందిన లావా కంపెనీ కార్బన్ ఫైబర్ గిటార్‌కి ఏకంగా టచ్ స్క్రీన్ పెట్టింది. మీ రీల్స్‌లో చూసే ఉంటారు. వాటిని చూసి భలే కొత్తగా ఉందే అనుకుంటాం. వాటికి దారి వేసింది 1976 నాటి అడమాస్.

నాకు ఈ కథలో నచ్చింది ఏంటంటే, కామన్ గిటార్‌ని ప్రేమించాడు కానీ పూజించలేదు. ప్రేమించాడు కాబట్టి దాని కష్టాలు తెలుసు. పూజించలేదు కాబట్టి మార్చడానికి భయపడలేదు. అతను చేసినవన్నీ మార్కెట్లో గెలిచాయా అంటే లేదు. కానీ ఈరోజు రాత్రి ఏ కాలేజీ ఫెస్ట్‌లోనో ఒక అమ్మాయి అకౌస్టిక్ గిటార్‌కి వైరు గుచ్చి, స్టేజీ అంతా తిరుగుతూ పాడుతుంటే, వెనక వరసలో ఉన్నవాడికి కూడా ప్రతి తీగా వినపడుతుంది. ఆ గిటార్ మీద ఓవేషన్ పేరు ఉండదు. ఆ అమ్మాయికి కామన్ ఎవరో తెలియకపోవచ్చు. అయినా అతని పని అక్కడ ఉంది.

ఈసారి గిటార్ షాపుకి వెళ్తే ఒక పని చేయండి. ధర, చెక్క పేరు చూడకముందే కళ్లు మూసుకుని వినండి. అదే గిటార్‌ని కళ్లు తెరిచి మళ్లీ వినండి. మీ అభిప్రాయం మారిందో లేదో కింద కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. గిటార్ నేర్చుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి.

మళ్లీ ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.